మణెమ్మ చేరని మూడు ఊళ్లు

గార్ల దగ్గరి మిషన్ బంగళాలో మణెమ్మ వంట చేసేది. కూతురు సరోజ ఇంకా పాలు తాగే వయసులోనే భర్త సాంసన్ కలరాతో పోయాడు. ఆ బంగళాలో ఉండే డాక్టరు దొరసాని ఎండాకాలం సెలవులకు సిలోనుకు పోయేది. ఆమె పెట్టెలు సర్దడం, దారికి రొట్టెలు కాల్చి మూట కట్టడం, స్టేషన్ దాకా బండి వెంట నడవడం మణెమ్మ పని. రైలు కదిలాక వెనక్కి వచ్చి ఖాళీ బంగళాకు కాపలా ఉండేది. దొరసాని తిరిగొచ్చి కొలంబో సముద్రం గురించి, క్యాండీ కొండల గురించి, గాలె కోటగోడ మీద సాయంత్రం నడక గురించి చెబుతుంటే మణెమ్మ పళ్లెం పట్టుకుని నిలబడి వినేది. కూర చల్లారిపోయేది.

చిన్నప్పుడు సరోజ ఒకసారి తల్లిని అడిగింది.

"అవ్వా, మనమెందుకు పోం?"

"మనల్నెవరు తోల్కపోతరు బిడ్డా."

"నేను తోల్కపోత."

మణెమ్మ నవ్వింది గానీ ఆ మాట మనసులో దాచుకుంది. సరోజ నర్సు చదువు పూర్తిచేసి మిషన్ దవాఖానలోనే కొలువుకు చేరేనాటికి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. మామూలు మనుషులకు ఓడ ప్రయాణం ఊసే లేదు. యుద్ధం ముగిసిన ఏడాది తల్లీకూతుళ్లు దారి గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. గార్లలో రైలెక్కి మద్రాసు, అక్కణ్ణుంచి ధనుష్కోటి, ఆపైన ఓడ. ముందు కొలంబో, తరువాత క్యాండీ, ఆ తరువాత గాలె. తిరుగుదారిలో మళ్లీ కొలంబోలో ఆగాలని మణెమ్మ పట్టుబట్టింది.

"ఒక్కసారి సూస్తె బుగులుకు, భయానికే సరిపోతది. రెండోసారి సూస్తెనే సముద్రం కనబడ్తది" అంది.

సరోజ ఆమెకు చెప్పులు కొంది. అంతవరకు మణెమ్మ చెప్పులు తొడగలేదు. వంట మానేసి పుట్టిన ఊరు దంతాలపల్లిలో ఉంటున్న ఆమె, రోజూ వాకిట్లో అటూ ఇటూ నడిచి అలవాటు చేసుకునేది. ఊళ్లోవాళ్లు ఆమెను సిలోను అవ్వ అని పిలిచేవారు. ఆమెకు అది ఇష్టంగానే ఉండేది.

అనుకున్న ఎండాకాలం రానేలేదు. వెట్టికి ఎదురుతిరిగిన సంఘం వాళ్లకూ ఊళ్లేలే దొరలకూ పోరు ముదిరింది. రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు. రైళ్లు నడవని రోజులొచ్చాయి. ఆ తరువాత యూనియన్ సైన్యం వచ్చి నిజాం రాజ్యం పోయినప్పుడు సరోజ, "ఇగ మంచిగైతదవ్వా, వచ్చే ఎండకాలం పోదాం" అంది. మణెమ్మ చెప్పులు దులిపి మళ్లీ తొడిగింది.

కానీ ఆమె ఇంట్లో మొగిలి ఉండేవాడు. మణెమ్మ అక్క కొడుకు. తల్లి చనిపోతే ఆమే పెంచింది. దొర గడీకి వెట్టి చెయ్యనని సంఘంలో చేరిన మొగిలి, దళంతో కలిసి భూపాలపల్లి వైపు అడవులకు వెళ్లిపోయాడు. నిజాం పోయినా దళాల వేట ఆగలేదు; అతని కోసం ఊరి బయట క్యాంపు వేసిన పోలీసులు మణెమ్మను పట్టుకుపోయారు.

కబురంది సరోజ వచ్చేసరికి, ఆమెను మానుకోటకు పంపామన్నారు. మానుకోటలో, జనగామకు పోయి అడగమన్నారు. దొరసాని ఎవరో పెద్ద ఆఫీసరుతో మాట్లాడితే గానీ తల్లి జాడ తెలియలేదు. జనగామలో ఒక రేకుల షెడ్డులో, పదిమంది ఆడవాళ్ల నడుమ, గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. సరోజ భుజం మీద చెయ్యి వేయగానే ముడుచుకుపోయింది.

"నేనవ్వా. సరోజను."

మణెమ్మ లేచింది గానీ నడవలేకపోయింది. కుడిచేతి వేళ్లు మడతపడటం లేదు. నర్సు గనక ఏం జరిగిందో సరోజకు ఆ ఒంటి మీద కనబడుతూనే ఉంది. అడిగితే మాత్రం తల్లి చెప్పలేదు. ఆ వానాకాలమే మొగిలిని అడవిలో కాల్చేశారని తెలిసింది. శవాన్ని ఇవ్వలేదు.

తల్లిని తన క్వార్టర్‌కు తెచ్చుకుంది సరోజ. గాయాలు మానాయి. మాట మాత్రం తిరిగి రాలేదు. పెడితే తినేది, లేకుంటే లేదు. ఊరు మారితే, సముద్రం చూస్తే మనిషి తేరుకుంటుందేమోనని సరోజకు ఆశ. ఇప్పుడు సిలోనుకు పాసుపోర్టు కావాలన్నారు. దొరసాని తిరిగి తిరిగి ఇప్పించింది. ప్రయాణమని, ఆ ఊళ్ల పేర్లు చెబితే మణెమ్మ తల ఊపింది. సరోజ దాన్ని సంతోషమే అనుకుంది.

యాభైయొకటి ఎండాకాలంలో ఇద్దరూ గార్ల స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్నారు. పక్కన కూర్చున్న ముసలాయన పెట్టె చూసి ఆప్యాయంగా అడిగాడు.

"యాడికి పోతున్నరు బిడ్డా, గింత సామానుతోని?"

"సిలోనుకు, బాపు. కొలంబో, క్యాండీ, గాలె."

మణెమ్మ బెంచీ మీది నుంచి జారి కింద పడింది. రెండు చేతులూ తల మీద కప్పుకుంది. "కొట్టకుండ్రయ్యా, నాకింకేం దెల్వదు" అంటోంది. సరోజ ఆమెను ఒడిలోకి లాక్కుంది. మద్రాసు బండి వచ్చి ఆగింది, వెళ్లిపోయింది. ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యాక మణెమ్మ నోరు విప్పింది.

"మొగిలి యాడున్నడో చెప్పుమని కొట్టిన్రు. నాకెర్క లేదు. ఏదన్న ఊరు పేరు చెప్తె, గా ఊరోళ్లను పట్టుకొచ్చి కొడ్తరు. గందుకే గా మూడూళ్లు చెప్పిన. ఆడికెవలు పోరు, ఎవలకేం గాదు అనుకున్న."

"నమ్మిన్రా అవ్వా?"

"ముందు నమ్మిన్రు. మర్నాడు సదువుకున్నోడొచ్చి, అవి యాడ ఉన్నయో చెప్పి నవ్విండు. అటెన్క కొలంబో అనుకుంట ఒకటి, క్యాండీ అనుకుంట ఒకటి..." మడతపడని వేళ్లను చూసుకుంది. "నువ్వు గా పేర్లు అనకు బిడ్డా. నాకు కొట్టినట్టే ఉంటది."

సరోజ పెట్టె ఎత్తుకుని తల్లిని నడిపించుకుంటూ క్వార్టర్‌కు తిరిగొచ్చింది. మణెమ్మ మొదటిరోజు నుంచీ ఆ మాటలకే వణుకుతోందని, తాను ఉత్సాహపరచాలని పూటపూటా ఆ పేర్లే చెప్పానని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఏడవడానికి దవాఖాన వెనక బావి దగ్గరికి పోయింది, తల్లికి వినబడకుండా.

దేశం వదిలి పోయేముందు దొరసాని, నువ్వొక్కదానివైనా చూసి రమ్మంది.

"నాకు గూడ గా పేర్లు ఇప్పుడు దెబ్బల తీర్గనే వినవడ్తున్నయి, దొరసానీ" అంది సరోజ.

ఆ తరువాత టేకుమట్లలో మిషన్ వాళ్లు చిన్న దవాఖాన పెడితే బదిలీ అడిగి తల్లితో అక్కడికి పోయింది. అక్కడెవరూ మణెమ్మను సిలోను అవ్వ అనరు. ఆమె మూడేళ్లు బతికింది. చివరి జ్వరంలో ఒక మధ్యాహ్నం కళ్లు తెరిచి, "మొగిలికి బువ్వ పెట్టినవా?" అని అడిగింది. "పెట్టిన" అంది సరోజ. తల్లికి ఆమె చెప్పిన అబద్ధం అదొక్కటే.

తల్లిని మట్టి చేసి వచ్చిన మర్నాడు వాకిట్లో జ్వరాల రోగులు కూర్చుని ఉన్నారు. సరోజ నర్సు తెల్లచీర కట్టుకుని తలుపు తీసింది.