పద్మ జాడీలో నా ప్లీహం

నాలుగిళ్ల వాళ్లు ఏడాదికని పెట్టుకున్న ఆవకాయను, చెంచా కూడా ముట్టుకోకుండా, ఒక్క మగాడు చెడగొట్టగలడా అని మీకెప్పుడైనా సందేహం వస్తే నన్నడగండి. చెడగొట్టగలడు. నేను చెడగొట్టాను. అదీ తెలియక కాదు, వైద్యం నేర్చుకుని మరీ చెడగొట్టాను. తెలియక చెడగొట్టేవాళ్లు వీధికొకరు దొరుకుతారు. శాస్త్రప్రకారం చెడగొట్టినవాడు గల్ఫ్ మొత్తంలో నేనొక్కణ్ణే అని నా నమ్మకం. ఆ సంగతి చెప్పుకోవడంలో నాకు కొంచెం గర్వం కూడా ఉంది, ఏమీ అనుకోకండి.

కరోనా తగ్గి, మాస్కులు ముక్కు మీంచి గడ్డం కిందికి దిగిన ఏడాది అది. ఇల్లు అజ్మాన్‌లో, ఆఫీసు జెబెల్ అలీలో. పొద్దున్నే కంపెనీ బస్సెక్కి నిద్రపోతే, ఆఫీసు గేటు దగ్గర మెలకువ వచ్చేది. మధ్యాహ్నం భోజనం అయ్యాక మళ్లీ నిద్ర ముంచుకొచ్చేది. పొట్ట డోలులా ఉబ్బి, నాకంటే ముందు మీటింగుల్లోకి వెళ్లేది. అప్పటికి నాకు నలభై రెండేళ్లు. బుద్ధి మాత్రం ఇంకా పద్దెనిమిది దగ్గరే ఉంది.

మా గిడ్డంగిలో యంత్రాలు బిగించడానికి చైనా నుంచి లియాంగ్ అనే ఇంజినీరు వచ్చాడు. నా పక్క బల్లే. వాళ్ల నాన్న ఊళ్లో సంప్రదాయ వైద్యుడట. ఒకరోజు నా క్యారేజీ వైపు చూశాడు. పులిహోర, మామిడికాయ పప్పు, గోంగూర పచ్చడి, పైన చల్లటి కోలా. ఆ పులుపు వరస చూసేసరికి అతనికే పళ్లు జివ్వుమన్నట్టున్నాయి. నాలుక చూపించమన్నాడు. చూపించాను. సరిగ్గా అప్పుడే మా ముదీర్, అంటే మేనేజరు, అటుగా వెళ్తూ, తననే వెక్కిరిస్తున్నాననుకున్నాడు. ఆ ఏడాది నా జీతం ఎందుకు పెరగలేదో నాకు తెలుసు.

"నీ ప్లీహం నీరసపడింది, ఒళ్లంతా తేమ పట్టింది" అన్నాడు లియాంగ్.

ప్లీహం ఎక్కడుంటుందో తెలియనివాళ్లు సిగ్గుపడకండి, ఆ రోజుదాకా నాకూ తెలియదు. ఎడమవైపు పక్కటెముకల కింద ఉంటుందట. చైనా వైద్యం లెక్కలో అది పొట్ట కింద పొయ్యిలాంటిది. చల్లటివి పోస్తే ఆరిపోతుంది, వేపుళ్లు తోస్తే పొగచూరుతుంది. ప్రతి రుతువులోనూ చివరి పద్దెనిమిది రోజులూ దానివేనట. వసంతం చివర దాన్ని బాగా చూసుకుంటే వేసవంతా అది మనల్ని చూసుకుంటుందట. అందుకని ఈ రోజుల్లో పులుపు తగ్గించాలి, తీపి పెంచాలి. తీపంటే చక్కెర కాదు, గుమ్మడికాయ, చిలగడదుంప, కొర్రల్లాంటివని అతను నొక్కి చెప్పాడు. గోరువెచ్చని నీళ్లు తాగమన్నాడు, నమిలి తినమన్నాడు. అన్నిటికంటే ముఖ్యంగా అతిగా ఆలోచించొద్దన్నాడు, ఆలోచన ఎక్కువైతే ప్లీహానికి చేటట. ఈ చివరి మాటొక్కటి నేను తు.చ. తప్పకుండా పాటించానని తర్వాత మా ఆవిడ పద్మ అంది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త వైద్యుడు మనిషినే ఎరగడు. ఆ సాయంత్రమే ఫ్రిజ్‌లో నీళ్ల సీసాలు బయటపెట్టాను. పెరుగన్నం మీద నిషేధం పెట్టాను. అజ్మాన్‌లో వసంతమంటే ఏసీ ఇంకా రాత్రింబగళ్లు వేసుకోనక్కర్లేని నాలుగు రోజులు, అంతే. ఆ నాలుగు రోజులనే పట్టుకుని బస్సులో అందరి నాలుకలూ చూడ్డం మొదలుపెట్టాను. నా పక్క సీటు మల్లేశం కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాడు, మా గిడ్డంగిలోనే ఫోర్‌మన్, మా బిల్డింగే. అతని నాలుక మీద తెల్లటి పొర కనిపించి, ఇది ముదిరిన తేమ అని నిర్ధారించాను.

"తేమ కాదు సార్, గది ఇడ్లీ. ఇంక మింగలే" అన్నాడు మల్లేశం.

ఇంతవరకూ నష్టమేమీ లేదు. నాలుగు నాలుకలు చూస్తే ఎవరి సొమ్మూ పోదు. అసలు ప్రమాదమేమిటంటే, సరిగ్గా ఆ పద్దెనిమిది రోజుల్లోనే మా బిల్డింగులో ఆవకాయ పెడతారు.

మా పై అంతస్తులో అన్నపూర్ణమ్మ గారని రాజమండ్రి ఆవిడ కొడుకు దగ్గర ఉంటారు. అందరం పిన్నిగారంటాం. ఏటా నాలుగిళ్ల ఆవకాయ ఆవిడ చేతి మీదే జరిగేది. ఆ ఏడు ఆవిడ భుజం పట్టేసి, చెయ్యి పైకి లేవడం లేదు. పద్మను పిలిచి, "అమ్మాయ్, ఈసారి కలిపే చెయ్యి నీదే. నేను కుర్చీలో కూర్చుని చూస్తాను" అన్నారు.

పద్మ పొంగిపోయింది. ఆ వెంటనే బెంగ పెట్టుకుంది. ఆవపిండి, కారం, ఉప్పు పాళ్లు వారం రోజులు పరీక్షకు చదివినట్టు వల్లించింది. "కుదిరితే కాయ మంచిదంటారండీ, చెడితే నా చెయ్యి మంచిది కాదంటారు. నాలుగిళ్లలో ఏడాది పొడుగునా ప్రతి ముద్దకీ నా పేరే తలుచుకుంటారు" అని నాతో అంది. నాకేం భయం లేదన్నట్టు తల ఊపాను. ఎందుకంటే ఆ మంచి కాయ తెచ్చే ఉద్యోగం నాదే.

అవును, పులుపు చూడడంలో నాకు పేరుంది. నా పరీక్ష చాలా సులువు. కాయ ముక్క కొరికినప్పుడు ఒక కన్ను మూసుకుపోతే వదిలెయ్యాలి, రెండు కళ్లూ మూసుకుపోతే కొనెయ్యాలి. నేను చూశానంటే ఇక వేరే ఎవరూ చూడక్కర్లేదని పిన్నిగారే అనేవారు.

మార్కెట్లో ఒకవైపు నాటుకాయల కుప్ప ఉంది. కొరికితే రెండు కళ్లూ మూసుకుపోయి, చెవులు కూడా మూసుకుపోయాయి. రెండోవైపు బారుగా, ముక్కు తిరిగి, నవనవలాడుతూ కలెక్టరు కాయలు. కొరికితే ఏ కన్నూ మూసుకోలేదు, తియ్యగా చప్పగా హాయిగా ఉన్నాయి. అప్పుడు నా కళ్ల ముందు నాలుగిళ్ల వాళ్ల ప్లీహాలు వరసగా నిలబడ్డాయి. పాపం, అన్నీ తడిసి వణుకుతున్నాయి. ఏడాది పొడుగునా ఈ పులుపు వాటి నెత్తిన పొయ్యడానికి నాకు చేతులు రాలేదు. కలెక్టరు కాయలే కొని, ఇంట్లో ఆకారం చూసి పట్టుకుంటారని అక్కడే ముక్కలు కొట్టించాను. ముక్కలు కొట్టించాక కలెక్టరైనా ఒకటే, బంట్రోతైనా ఒకటే.

మరి ఇంట్లో ఎవరూ ఒక్క ముక్క నోట్లో వేసుకోలేదా అని మీరడుగుతారు. పిన్నిగారి దగ్గర ఎంగిలి చెయ్యి ముక్కల దగ్గరికి రాకూడదు. కరోనా వచ్చాక ఆ నియమానికి డాక్టర్ల మద్దతు కూడా దొరికింది. పిల్లల్ని గది బయటే ఆపేశారు. పద్మ ముక్కలు తుడిచి, జీడి తీసి, ఆవపిండీ కారమూ ఉప్పూ నూనే పోసి, మోచేతులదాకా ఎర్రబడేలా కలిపి జాడీకి ఎత్తింది. పిన్నిగారు కుర్చీలోంచే, "చెయ్యి బాగా తిరుగుతోందమ్మా" అన్నారు. పద్మ మొహం చూసి నాకెంత గర్వమేసిందో చెప్పలేను. ఆ గర్వంలో సగం ఆమె గురించి, సగం నా గురించి. లోకానికి మేలు చేసి నోరు మూసుకున్న మహానుభావుణ్ణని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆవకాయను మూడో రోజు తిరగకలపాలి. ఆ రోజు నాలుగిళ్ల వాళ్లూ మా హాల్లో చేరారు. వేడి అన్నం వార్చి పెట్టుకున్నారు. పద్మ మూత తీసి, కలిపి, మొదటి ముద్ద పిన్నిగారికి పెట్టింది. ఆవిడ నమిలారు. ఇంకాస్త నమిలారు. రెండో ముద్ద మల్లేశం భార్య తిని, నీళ్లు తాగి కిందికి చూసింది. ఎవరో మెల్లగా, "పోనీలెండి, కొత్త చెయ్యి కదా" అన్నారు.

పద్మ తన అరచేతుల వైపు చూసుకుని కొంగుకి తుడుచుకుంది. తుడిచిన చేతినే మళ్లీ తుడుచుకుంది. నిజం చెప్పాలంటే అప్పటికీ ఒక్క క్షణం, ఉప్పు తగ్గిందని తప్పించుకుందామా అని ఆలోచించాను. సిగ్గేసింది.

"చెయ్యి తప్పు కాదండీ, కాయ తప్పు. తెలిసే తెచ్చాను" అన్నాను.

"తెలిసి తేవడమేమిటి నాయనా?" అన్నారు పిన్నిగారు.

చెప్పాను. వసంతం చివర, పద్దెనిమిది రోజులు, తేమ, పొయ్యి, అన్నీ చెప్పాను. చెబుతున్నకొద్దీ నాకే అది ఒక పిచ్చివాడి కథలా వినిపించింది. మల్లేశం, "సార్, ప్లీహానికి మంచిదైతే మీ ఒక్క జాడీల పెట్టుకోవాలె గదా. మా జాడీలేం చేసినయ్?" అన్నాడు. పులుపు లేని ఆవకాయ నాలుగు వారాలు కూడా నిలవదని అక్కడ అందరికీ తెలుసు, నాకు తప్ప.

పద్మ జాడీలోకి తొంగిచూసి, "పిన్నిగారూ, ఇంకా ముక్క మెత్తబడలేదు. ఊటలో నిమ్మరసం పిండి, ముక్కలు ఎండలో పెట్టి, బెల్లం ఆవకాయ చేసేస్తే?" అంది. పిన్నిగారు కుర్చీలో నిటారుగా అయ్యారు. "నాకు తట్టనే లేదే" అన్నారు. అరవై ఏళ్లుగా ఆవకాయ పెడుతున్న మనిషి అన్న మాట అది.

ముక్కలు డాబా మీద రెండు రోజులు ఎండాలి, పావురాలు రాకుండా ఒకరు కాపలా ఉండాలి. ఆ ఒకరు ఎవరో వేరే చెప్పాలా? శనివారం, ఆదివారం గొడుగు పట్టుకుని అజ్మాన్ ఎండలో కూర్చున్నాను. లియాంగ్ చెప్పిన తేమ నా ఒంట్లో ఎక్కడెక్కడ దాక్కుందో, అంతా బయటికొచ్చి ఆవిరైపోయింది. ఆ తర్వాత పద్మ నన్ను మార్కెట్‌కి తీసుకెళ్లి నాటుకాయ తానే కొరికింది. రెండు కళ్లూ మూసుకుంది. ఆ రోజుతో నా ఉద్యోగం ఖలాస్.

మళ్లీ నెలలో లియాంగ్‌ని ఆదివారం భోజనానికి పిలిచాం. కొత్త కారం ఆవకాయ తిని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. బెల్లం ఆవకాయ తిని ఆగాడు, రెండోసారి వడ్డించుకున్నాడు. "తీపి. ప్లీహానికి మంచిది" అన్నాడు.

రోగి కోరిందీ బెల్లమే, వైద్యుడు చెప్పిందీ బెల్లమే. నేను రొమ్ము విరుచుకుని పద్మ వైపు చూసి, జరిగిందంతా, నా దూరదృష్టితో సహా, లియాంగ్‌కి చెప్పాను. వింటూ వింటూ అతను చెంచా కింద పెట్టేశాడు.

"ఆమె జాడీలో నువ్వు వేలు పెట్టావా?"

"నువ్వే కదా పులుపు తగ్గించమన్నావు" అన్నాను.

"నీకు తగ్గించమన్నాను. మా నాన్న ముప్పై ఏళ్లు ఊరందరికీ పులుపు తగ్గించమని చెప్పాడు. మా అమ్మ ఏటా ముల్లంగి ఊరగాయ పెడుతుంది, మహా పుల్లగా ఉంటుంది. ఆ జాడీ మూత ఆయన ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. నేనడిగితే ఒకటే చెప్పాడు. ప్లీహం నాది, జాడీ మీ అమ్మది."

పద్మ అదేమిటో తెలుగులో చెప్పమంది. చెప్పక తప్పలేదు. ఆమె నవ్వి, లియాంగ్ కంచంలో ఇంకో ముక్క వేసింది. నా కంచం దాకా వచ్చి, కాస్త ఆలోచించి, నాకూ వేసింది.

ఇప్పుడు మా వీధిలో మూడు బిల్డింగుల వాళ్లు ఏప్రిల్ రాగానే పద్మ గారి బెల్లం ఆవకాయ ఎప్పుడని అడుగుతారు. పిన్నిగారు రాజమండ్రికి ఫోన్ చేసి మరీ ఆ పాళ్లు చెప్పారు. నా భార్య పేరు అలా గోదావరి దాకా వెళ్లినందుకు నాకు పట్టలేనంత గర్వం. ఆ వంటకానికి మూలపురుషుణ్ణి నేనేనని ఎవరైనా ఒప్పుకుంటారేమోనని ఏటా ఎదురుచూస్తుంటాను, ఇంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు.

కాబట్టి సూర్యచంద్రుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. వసంతం చివరైనా, వేసవి మొదలైనా, నా ప్లీహం ఎడమ పక్కటెముకల కింద మూలుగుతూ పడి ఉన్నా సరే, ఇంకెన్నడూ పరుల ఆవకాయకు వైద్యం చెయ్యను. జాడీ మీద చెయ్యి వేసి ఈ ప్రమాణం చేద్దామనుకున్నాను. పద్మ ముట్టుకోనివ్వలేదు. అందుకని వంటింటి గుమ్మం బయట, గజం దూరంలో నిలబడే చేస్తున్నాను.