ముడి మీద వేలు

నా చిన్నప్పుడు, 1980 జూన్ నెలలో ఒక మంగళవారం. స్థలం తెనాలి, కార్మిక శాఖ అధికారి గారు విచారణ పెట్టిన గది. హాజరైనవారు: అధికారి గారు, బీమా కంపెనీ వారి వకీలు గారు, మా ప్లీడరమ్మ గారు, మా పెదనాన్న, పెద్దమ్మ, నేను. అప్పటికే నాకు డైరీ రాసే అలవాటు ఉంది కాబట్టి ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. ఆ పేజీలో ఈ వివరాల కింద ‘ఈ రోజు నేను ఏ పనీ చేయలేదు’ అని ఉంది. ఆ ఏ పనీ చేయకపోవడం వెనక పెద్ద కథే ఉంది.

మా పెదనాన్న రేపల్లె దగ్గర ఒక బియ్యం మిల్లులో పని చేసేవాడు. అంతకు ముందు సంవత్సరం మిషను బెల్టులో పడి కుడిచేతి వేళ్ళన్నీ పోయాయి. గాయం మానింది, ఉద్యోగం పోయింది. పెద్దమ్మ నాట్లకు కూలికి వెళ్ళడం మొదలుపెట్టింది. చెయ్యి పోయినందుకు నష్టపరిహారం అడిగితే బీమా వాళ్ళు కొద్దిపాటి మొత్తం ఇస్తామన్నారు. బస్తాల మూతులు కట్టే పని ఎడమచేత్తోనైనా చేసుకోవచ్చు కదా అన్నది వాళ్ళ వాదన. పూర్తి పరిహారం వస్తే రేపల్లె స్టేషను దగ్గర అద్దె సైకిళ్ళ షాపు పెట్టుకోవాలని పెదనాన్న ఆశ. రాకపోతే పెద్దమ్మ కూలి డబ్బులే ఆ ఇంటికి దిక్కు.

మా చర్చి పాస్టరు గారు తెనాలిలో ఉన్న ఒక ప్లీడరమ్మ గారి పేరు చెప్పారు. ఆ రోజుల్లో ఆడ ప్లీడరు అంటే వింత. పెదనాన్న కొంచెం సందేహించాడు. పెద్దమ్మ మాత్రం, “మగ ప్లీడర్లు మీకేం ఒరగబెట్టారు? పదండి” అంది. వేసవి సెలవుల్లో ముగ్గురం పాసింజరు రైలెక్కి వెళ్ళాం.

ప్లీడరమ్మ గారు వరండాలో కుర్చీలు వేయించి, “చెప్పండి అన్నయ్యగారూ, ఏంటి మీ ఇబ్బంది?” అన్నారు.

“ఇబ్బందేముందండి? దేవుని దయ వల్ల బాగానే సాగుతుందండి” అన్నాడు పెదనాన్న.

“మరి నా దగ్గరికెందుకొచ్చారండి?”

పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. పెదనాన్న నిజానికి ఏ అబద్ధమూ ఆడలేదు. మా వైపు ఎవరైనా ఎలా ఉన్నారని అడిగితే బాగున్నామనే చెబుతాం. జ్వరంతో పడుకుని కూడా అదే చెబుతాం. దేవుడు ప్రాణం నిలబెట్టాక బాగాలేదనడం కృతఘ్నత అని పెదనాన్న గట్టి నమ్మకం.

ఆవిడ ఇంక వాదించకుండా లోపలికి వెళ్ళి పెసరట్లు తెప్పించి, తనూ మాతో తినడానికి కూర్చున్నారు. తింటూ తింటూ తలెత్తి మా వైపు చూసి ఆగిపోయారు.

“ఏంటమ్మాయ్, అది మీ పెదనాన్న పళ్ళెం కదా?”

అప్పుడు చూసుకున్నాను. పెసరట్టు ముక్కలు చేసి, పెదనాన్న ఎడమచేతి చెంచాకు అందేలా సర్దుతున్నాను. అది రోజూ చేసే పనే కాబట్టి నాకు తెలియనే లేదు. ఇంకేం చేస్తావని ఆవిడ అడిగారు. చొక్కా గుండీలు పెడతాను, తువ్వాలు పిండుతాను, గోళ్ళు తీస్తాను, చెప్పు పట్టీ బిగిస్తాను అంటూ చెప్పుకుపోయాను. పక్కింటి మామయ్య గడ్డం గీస్తాడని పెద్దమ్మ అందుకుంది. పెదనాన్న వేరే ఎవరి గురించో వింటున్నట్టు నోరు తెరుచుకుని విన్నాడు.

“చూశారా అన్నయ్యగారూ? దేవుని దయ కాదనను. కానీ ఈ పిల్ల చేతుల్ని మీ చేతులని అధికారి గారికి చూపిస్తే కేసు పోతుంది” అన్నారు ఆవిడ నవ్వుతూ. నటించవద్దని, చేయగలిగింది చేయమని, చేయలేనిది చేయలేనని చెప్పమని ఆయనకు చెప్పారు. నాకు అంతకంటే కష్టమైన పని అప్పగించారు. విచారణ రోజున పెదనాన్న ఎంత అవస్థ పడినా నేను చేతులు కట్టుకుని కూర్చోవాలి.

“పాపం కదండీ?” అన్నాను.

“ఆయన కష్టం ఆయన్ని చూపించుకోనివ్వు తల్లీ. ఆ ఒక్కరోజూ నువ్వు చేసే సాయం అదే.”

నాకు అది సాయంలా అనిపించలేదు. మంగళవారం దాకా రోజూ పడుకోబోయే ముందు చేతులు కట్టుకుని కూర్చోవడం సాధన చేశాను. మా తమ్ముడు చూసి, “ఏంటే, మాస్టారు శిక్ష వేశాడా?” అని వెక్కిరించాడు.

విచారణ మొదలయింది. అధికారి గారు మర్యాదస్తులు. కాగితాల మీంచి తలెత్తి, “ఎలా ఉన్నారండీ?” అని పలకరించారు.

“దేవుని దయ వల్ల బాగున్నానండి” అన్నాడు పెదనాన్న!

పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బీమా వారి వకీలు గారు చటుక్కున లేచారు. బొద్దుగా, నవ్వు మొహంతో ఉండే మనిషి. “విన్నారుగా సార్, ఆయన నోటితోనే చెప్పారు. బస్తా మూతి కట్టడం ఈయనకి ఒక లెక్కా?” అంటూ సంచిలోంచి సగం నింపిన చిన్న గోనె బస్తా, పురికొస తీసి పెదనాన్న ముందు పెట్టారు. కాదనమని నేను ప్లీడరమ్మ గారి వైపు చూశాను. ఆవిడ మాత్రం, “కట్టనివ్వండి సార్” అన్నారు.

పెదనాన్న పనిలో వంచన తెలియని మనిషి. కట్టమంటే కట్టడానికే చూశాడు. బస్తాను మోకాళ్ళ మధ్య ఇరికించాడు. పురికొస ఒక కొస పళ్ళతో పట్టి, ఎడమచేత్తో మూతి చుట్టూ తిప్పి, ఒక మడత వేశాడు. రెండో మడత వేయబోతే మొదటిది జారింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ జారింది. నుదుటి మీద చెమట పట్టింది. నా వేళ్ళు వాటంతట అవే కదులుతుంటే చంకల్లో బిగించుకున్నాను. గదిలో అందరూ తెలియకుండానే ముందుకు వంగారు. ఈసారి మడత పడింది. అది జారకముందే ఒక బొద్దు వేలు వచ్చి దాని మీద నొక్కింది.

“ఆఁ, ఇప్పుడు లాగండి!”

పెదనాన్న బలం కొద్దీ లాగాడు. ముడి పడింది. ముడిలో వకీలు గారి చూపుడు వేలు కూడా పడింది.

అధికారి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “వకీలు గారూ, ఇంతకీ మీరు ఎవరి తరఫునండీ?”

అంతే, గది గదంతా నవ్వు. బస్తాకు వేలాడుతూ వకీలు గారు కూడా నవ్వేశారు. పెదనాన్న ఒక్కడే కంగారుపడి, “అయ్యో బాబుగారూ, నొప్పెట్టిందా అండి?” అంటూ విప్పబోయాడు. అదీ ఆయనకు ఒంటిచేత్తో రాలేదు. పెద్దమ్మ లేచి విప్పింది.

అప్పుడు ప్లీడరమ్మ గారు నెమ్మదిగా అడిగారు. “అన్నయ్యగారూ, వేలు పెట్టేవాళ్ళు పక్కన లేకపోతే ఆ ముడి పడుతుందా అండి?”

పెదనాన్న చాలాసేపు బస్తా వైపు చూశాడు. “పడదండి” అన్నాడు. నేను విన్నంతలో ఆయన చేయలేనని ఒప్పుకోవడం అదే మొదలు. నాకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి, కానీ ఆయన మొహంలో సిగ్గు కనిపించలేదు. బరువు దించుకున్న మనిషిలా ఉన్నాడు. బస్తాలు కట్టుకోగలడన్న వాదన చెల్లదని, పూర్తి పరిహారం ఇవ్వాలని అధికారి గారు అప్పుడే చెప్పి రాసుకున్నారు.

బయట అందరం గోలీ సోడాలు తాగాం. బీమా వకీలు గారూ వచ్చి, ఎర్రబడిన వేలు ప్లీడరమ్మ గారికి చూపించి, “దీనికి పరిహారం ఎవరిస్తారండీ?” అన్నారు. పెదనాన్న సోడా కొట్టించడానికి నా వైపు సీసా చాపబోయి, ఆగి, నవ్వాడు. నేను చేతులు కట్టుకునే ఉన్నాను మరి.

నేను బాపట్లలో ఉద్యోగం చేసి, అక్కడే రిటైరయ్యాను. ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు. ఎవరైనా ఎలా ఉన్నారంటే మెట్లు ఎక్కలేకపోతున్నానని చెప్పి చెయ్యి అడుగుతాను. ఎదుటివాళ్ళు అవస్థ పడుతుంటే మాత్రం వెంటనే చెయ్యి వెయ్యను, అడిగేదాకా ఒక క్షణం ఆగుతాను. ఈ రెండూ ఆ గదిలోంచి తెచ్చుకున్నవే.

విచారణ జరిగిన మర్నాడు ఉదయం అలవాటుగా పెదనాన్న దగ్గరికి వెళ్ళి, చొక్కా మీద చెయ్యి వేయబోయి ఆగాను. ఆయన వీధంతటికీ వినిపించేంత గట్టిగా, “గుండీలు పెట్టమ్మాయ్, నాకు రావట్లేదు!” అన్నాడు. సంతోషంగా పై నుంచి పెట్టుకుంటూ వచ్చాను. అన్నిటికంటే కిందిది మిగిలింది.

“అది నాకొదిలెయ్” అన్నాడు.

చాలాసేపు పట్టింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.