నెర్రెల ప్రభాకర్ సారు

ప్రభాకర్ సారుకు ఏ వస్తువు కనబడినా దాని మీద నీళ్లు చల్లి, అది ఆరేదాకా గొంతుక్కూర్చుని చూడాలి.

ఇది పూజా కాదు, పిచ్చీ కాదు, ఉద్యోగం. చిట్యాల దగ్గర గ్యాస్ కోసం లోతు బావులు తవ్వే కంపెనీలో ఆయన రాళ్లు చదివే శాస్త్రవేత్త, నేను ఆయన జీపు డ్రైవర్ని. పాతాళం నుంచి తీసిన రాతి కడ్డీని తడిపితే, రాయంతా ఆరిపోయినా పగులు మాత్రం తడి పట్టుకుని నల్లగీతలా కనబడుతుంది. అంత లోతులో గ్యాస్ రాయిలోనే బిగుసుకుని ఉంటుంది, పగుళ్లు ఉంటేనే కదులుతుంది. అందుకే నెర్రె దొరికిన రోజు సారు ముఖం మనవడు పుట్టినట్టు వెలిగిపోయేది.

ఆ అలవాటును రాళ్ల దగ్గరే వదిలేసి వస్తే గొడవే లేదు. మా కంపెనీలో పనిచేసే అజయ్ గృహప్రవేశానికి పిలిస్తే, పంతులుకంటే ముందు ఈయన కొత్త గోడల మీద నీళ్లు చల్లాడు. నాలుగు నెర్రెలు బయటపడ్డాయి. మేస్త్రీ భోజనం చేయకుండానే మాయమయ్యాడు.

సారు అద్దెకున్న ఇంటి యజమానురాలు ఓదెమ్మ, ఇంటి దేవతగా కొలుచుకునే కూరాటి కుండనూ వదల్లేదు.

"కూరాడు మీద నీళ్లు చల్లుడేంది బిడ్డా? అమ్మకు గుస్స రాదా?"

"జర ఆగు అవ్వా, ఆరినంక చూద్దాం."

"అందాంక నీకు అన్నం లేదు, పో!"

కుండకు నెర్రె ఉన్నమాట నిజమే. దాంతో ఓదెమ్మ కోపం రెండింతలైంది.

తర్వాత వాగు పక్క తండా మీద పడ్డాడు. గోడలు, రోళ్లు, బోరు గద్దె, వాగులో బండలు, అన్నీ తడిపాడు. తండాకు తాగే నీళ్లిచ్చే బోరు అదొక్కటే. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకైతే తల కొట్టేసినట్టయింది.

కొత్త బావికి ముందునుంచీ అనుకుంటున్న ఆ వాగు ఒడ్డునే మేనేజర్ సురేందర్ సారు ఖాయం చేశాడు. మా ప్రభాకర్ సారు అడ్డం తిరిగాడు.

"గీడ వద్దు సార్, జరుపుదాం."

"పగుళ్లు కావాలె, పగుళ్లు కావాలె అని నా తల తిన్నది నువ్వే గదనయ్యా! ఇప్పుడు పగులుంటే వద్దంటవేంది?"

"సన్న పగుళ్లయితే గ్యాస్‌ను మన బావిలకు తెస్తయి సార్. కానీ గిది పెద్ద భ్రంశం. రాయి తెగి, ఒక పక్క కిందికి జారిన చోటు. గ్యాస్ కదలాలని మనం రాయిలకు జోరుగా నీళ్లు ఎక్కిస్తే అవి ఈ గండిలనే పోతయి. గ్యాస్ ఎదురెక్కి తండా బోరు నీళ్లల్ల కలుస్తే ఎట్ల?"

"రుజువేది?"

సారు మేనేజర్‌ను వాగులోకి దింపాడు. తండా పెద్ద గంగాబాయి ఆడవాళ్లతో బిందెలు మోయించి బండలన్నీ తడిపించింది. ఇక అందరం గొంతుక్కూర్చున్నాం. ఇస్త్రీ ప్యాంటుతో మేనేజర్ కూడా! బండలు ఆరాయి. బావి గుర్తు దగ్గర మొదలైన నల్లగీత వాగు దాటి నేరుగా బోరు వైపే పోయింది. మేనేజర్ లేచి ప్యాంటు దులుపుకుని, "జరుపుదాం తీ" అన్నాడు.

తిరుగు దారిలో ఆగలేక అడిగాను. "మరి ఈ అనుమానం తండోళ్లకు ముందే చెప్పకపోతిరేంది సార్?"

"చెప్తే ఆ నీళ్లు తాగ బుగులుపడరా తిరుపతీ? ఉన్నది ఒక్క బోరాయె. నా అనుమానం తప్పయితే? గందుకే గోడలు, రోళ్లు అన్ని తడిపిన. పిచ్చోడనుకుంటే నవ్వుకుంటరు, భయపడరు గదా."

జీపు ఆపి ఆయనకు దండం పెట్టాలనిపించింది. పెడితే సిగ్గుతో చచ్చిపోతాడని మానేశాను.

దూరంగా జరిపిన బావిలో సన్న పగుళ్ల గుండానే గ్యాస్ వచ్చింది. గ్యాస్ వెలిగించి చూసే పరీక్ష మంట లేచిన రోజు గంగాబాయి చెంబుతో వచ్చింది.

"మా బోరు నీళ్లు సారూ."

సారు గటగటా తాగేసి, ఖాళీ చెంబు ముందుకు పెట్టాడు. "ఇంకిన్ని ఉన్నయా అక్కా?"

"బోరంత నీదే, ఎంత తాగుతవో తాగు!"