దొమితిలా గుమ్మం మీది నల్ల రిబ్బను

శాన్ ఎలియాస్‌లో ఇల్లు చూసుకుందామని వచ్చేవాళ్లను ఎర్మెలిందా వీధిలోనే తూకం వేసేది. అమ్మకానికి ఉన్న పక్కింటి తాళంచెవి ఆమె నడుముకే వేలాడుతుండేది కాబట్టి ఆ హక్కు తనదే అనుకునేది. రాళ్లు పరిచిన వీధి, పసుపూ ఇటుకరంగూ పూసిన పాత గోడలు, చివర గులాబిరంగు రాతి చర్చి చూసి వచ్చినవాళ్లు తెగ ముచ్చటపడిపోయేవారు.

"అబ్బ, ఎంత బావుందమ్మా మీ ఊరు! బొమ్మలా ఉంది."

"బొమ్మలకు నీళ్లక్కర్లేదు తల్లీ, మనకు కావాలి. ఇక్కడ రోజు విడిచి రోజు వస్తాయి."

ఆమె ఒక్క అబద్ధమూ ఆడేది కాదు. తెల్లారకముందే గంటలు మోగుతాయనీ, ఉత్సవాల నెలంతా టపాసులు పేలతాయనీ, పెంకుల్లో తేళ్లుంటాయనీ ఉన్నదే చెప్పేది. చెప్పే తీరు మాత్రం పుట్టి మునిగినట్టు ఉండేది. పెరటి గుమ్మం చేరేసరికి వచ్చినవాళ్ల మొహాలు మాడిపోయేవి. అటు నుంచి అటే బస్సెక్కేవారు. ఎర్మెలిందా హాయిగా తన పెనం దగ్గరికి తిరిగొచ్చేది.

తన గుమ్మం ముందే పెనం పెట్టుకుని, మందపాటి మొక్కజొన్న రొట్టెల్లో చిక్కుళ్లో, మిరపకాయ కూరో కూరి అమ్మడం ఆమె జీవనం. ఆమె చేతి రొట్టె తినని నోరు ఆ వీధిలో లేదు, ఆమె నోటి దురుసు తగలని చెవీ లేదు. పక్కిల్లు దొమితిలాది. ఎర్మెలిందా కూతుర్ని జ్ఞానస్నానంలో జ్ఞానతల్లిగా ఎత్తుకున్నది దొమితిలాయే. ఆనాటి నుంచి ఆ వరసతో ఇద్దరూ ఒకరికొకరు కొమాద్రే. తోబుట్టువులు విడిపోయినా కొమాద్రేలు విడిపోకూడదంటారు అక్కడ. ఒకరు పిండి తడిపితే ఒకరు రొట్టె తట్టేవారు. ఉప్పు ఎక్కువైందని పోట్లాడుకుని, సాయంత్రానికి ఒకే బల్ల మీద కూర్చుని వీధిలో పోయేవాళ్లకు వంకలు పెట్టేవారు.

పోయిన చలికాలంలో దొమితిలా చనిపోయింది. ప్రార్థనలు జరిగినన్ని రోజులూ వచ్చిన వాళ్లందరికీ ఎర్మెలిందాయే వండి పెట్టింది. "రాయిలా నిలబడిందిరా మహాతల్లి" అన్నారు జనం. నిలబడక ఏం చేస్తుంది, పొయ్యి మీద పెద్ద గుండిగ ఉంది. అందరూ వెళ్లిపోయాక తీరిగ్గా ఏడుద్దామనుకుంది. ఏడుపు రాలేదు. ఆ సంగతి సిగ్గేసి ఎవరికీ చెప్పుకోలేదు.

దొమితిలా మేనల్లుడు రోహెలియో మొంతెర్రే నుంచి ఫోన్ చేసేవాడు. "అత్తా, వానలు వెళ్లేలోపు ఎవరో ఒకరు ఇల్లు తీసుకోకపోతే హోటలువాడికి ఇచ్చేస్తా. తర్వాత నన్నని లాభం లేదు."

హోటలంటే ఎర్మెలిందాకు ఒళ్లు మంట. కొమాద్రే నిమ్మచెట్టు కింద ఊరూ పేరూ తెలియనివాళ్లు కూర్చుని బీరు తాగడం తలుచుకుంటేనే కడుపు రగిలిపోయేది. అలాగని ఆ వంటగదిలో ఇంకో ఆడమనిషి గిన్నెల చప్పుడు వినడం కూడా ఆమె వల్ల కాదు. ఎటూ తేలని ఈ బాధలో ఉండగా ఆంపారో దిగింది.

రాజధానిలో మెట్రో టికెట్లు అమ్మి రిటైరైన మనిషి ఆంపారో. భర్త లేడు. మిగిలిన కాలం ఎక్కడైనా చిన్న ఊళ్లో గడుపుదామని చూస్తోంది.

"నీళ్లు రోజు విడిచి రోజు" అని మొదలుపెట్టింది ఎర్మెలిందా.

"రోజు విడిచి రోజు వస్తాయా? నయమే! మాకు ట్యాంకరు వస్తే పండగ."

"తేళ్లు కూడా ఉంటాయి."

"మా మేడ మీదివాళ్లకన్నా నయమేలెండి."

ఈ వానాకాలం అద్దెకుండి చూస్తాను, నచ్చితే కొంటాను అని ఆంపారో రోహెలియోతో మాట్లాడుకుని దిగిపోయింది.

అప్పటి నుంచి ఎర్మెలిందా సాధింపు మొదలైంది. ఉప్పు అడిగితే నిండుకుందనేది. మార్కెట్‌కు దారి అడిగితే చుట్టుదారి చెప్పేది. ఆంపారో మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా రోజూ పొద్దున్నే ఆమె పెనం పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, తినేవాళ్లందరినీ పలకరించి, "మీ చేతిలో ఏముందో గానీ ఎర్మెలిందా గారూ, ఇలాంటి రొట్టె నేనెక్కడా తినలేదు" అని మూతి తుడుచుకుని వెళ్లేది. తిట్టడానికి కూడా సందు ఇవ్వని మనిషి. ఒక సాయంత్రం దగ్గుతూ వచ్చి చామంతి పూల కషాయానికి గుప్పెడు పూలుంటే ఇమ్మంది. డబ్బా నిండా పెట్టుకుని "లేవు" అంది ఎర్మెలిందా.

మర్నాడు పొద్దున మిల్లు నుంచి పిండి బకెట్ చంకనేసుకుని వస్తూ పక్కింటి గుమ్మం వైపు చూసింది. కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

ఆ ఊళ్లో మనిషి పోయిన ఇంటి గుమ్మం మీద నల్ల రిబ్బను ముడి కడతారు. కట్టాక దాన్ని ఎవరూ ముట్టరు. ఎండకూ వానకూ వెలిసి, పీలికలై, దానంతట అదే రాలాలి. అది రాలేసరికి మనసూ కుదుటపడుతుందని నమ్మకం. దొమితిలా కోసం కట్టిన ముడి నిన్నటికి తుప్పురంగుకు తిరిగింది. ఇవాళ అక్కడ నిగనిగలాడే నల్ల ముడి ఉంది. తలుపు మూసి ఉంది.

"పోయింది" అంది ఎర్మెలిందా పైకే. "గుప్పెడు పూలు ఇవ్వకుండా చంపేశాను."

అప్పుడే రొట్టెల బుట్టతో వస్తున్న బేకరీ క్రిస్పిన్ ఆ మాట విన్నాడు. ఆ ముడి ఎవరు కట్టారు, తలుపెవరు మూశారు అని ఆలోచించేంత ఓపిక ఆ వీధికి ఎప్పుడూ లేదు. క్రిస్పిన్ చర్చికి పరుగెత్తాడు. చావుగంట మొదలైంది. ఒకరు కొవ్వొత్తులు, ఒకరు కాఫీపొడి, ఇంకొకరు కుర్చీలు పట్టుకుని వచ్చేశారు. "పాపం, నిన్ననేగా నన్ను పలకరించింది" అని ఒకామె ముక్కు చీదుతోంది. ఎర్మెలిందా బకెట్ దింపడం కూడా మరిచిపోయి, 'దేవమాతా, ఆమెను పోనివ్వకు, అడిగినవన్నీ ఇస్తాను' అని లోపల్లోపల మొక్కుకుంటోంది. ఆంపారో ఉండాలని తనకింత కోరిక ఉందని ఆ క్షణం దాకా ఆమెకే తెలియదు.

తలుపు తెరుచుకుంది. తల మీద శాలువా, చేతిలో పంచదార పొట్లంతో ఆంపారో బయటికొచ్చింది.

"గంట మోగుతోందే, ఎవరు పోయారండీ? ఏ ఇల్లు? నేనూ వస్తున్నా, పదండి."

క్రిస్పిన్ గుండెల మీద సిలువ గుర్తు వేసుకున్నాడు. "మీరేనమ్మా పోయింది" అన్నాడు.

"నేనా?"

"మరి ఆ ముడి?" అని అరిచింది ఎర్మెలిందా. ఏడుపో కోపమో తెలియని గొంతు. "ఆ కొత్త ముడి ఏంటి?"

"కొత్తది కాదండీ, అదే. మరీ వెలిసిపోయి, దుమ్ముకొట్టుకుని ఉంటే, చనిపోయిన ఇల్లాలికి మర్యాద కాదనిపించి, ఉతికి నల్లరంగు వేశాను. పొద్దున్నే కట్టి, కాస్త నడుం వాల్చాను. తప్పు చేశానా?"

ముందు క్రిస్పిన్ నవ్వాడు. తర్వాత వీధంతా నవ్వింది. గంట కొడుతున్నవాణ్ణి ఆపమని ఎవరో పరుగెత్తారు. ఎర్మెలిందా నవ్వలేదు. ఆ నల్లటి ముడినే చూస్తోంది. కొమాద్రే ఇవాళే, ఇప్పుడే పోయినట్టుంది. బకెట్ కింద పెట్టి, గడప మీద కూలబడి, చలికాలం నుంచి రాని ఏడుపంతా ఏడ్చింది. "దొమితిలా, నన్నొక్కదాన్ని వదిలేసి పోయావే" అని గొంతెత్తి ఏడ్చింది. తెచ్చిన కుర్చీలు ఎవరూ తిరిగి తీసుకుపోలేదు. వాటి మీదే కూర్చున్నారు. ఆంపారో లోపలికెళ్లి, అదే వంటగదిలో అందరికీ కాఫీ కాచింది. గిన్నెల చప్పుడు ఎర్మెలిందాకు వినపడింది. చెవులు మూసుకోవాలనిపించలేదు.

కాఫీ కప్పు అందిస్తూ ఆంపారో పక్కనే గడప మీద కూర్చుంది. "మా ఆయన పోయినప్పుడు, మా పై అంతస్తువాళ్లు ఎన్నాళ్లకో మెట్ల మీద కనపడి, మీవారు కనిపించట్లేదేంటి అని అడిగారు. ఇక్కడ నేను బతికుండగానే కుర్చీలతో సహా వచ్చేశారు." ఆమె కళ్లు తుడుచుకుంది. "నాకు ఇక్కడే ఉండాలనుంది. రోహెలియో సాయంత్రం ఫోన్ చేస్తాడు. మీరు కాదంటే మాత్రం వెళ్లిపోతాను. ఏం చెప్పమంటారు?"

ఎర్మెలిందా ముక్కు తుడుచుకుని, కాఫీ ఒక గుటక తాగి, పంచదార ఎక్కువైందని మొహం చిట్లించింది.

"ఉంటానని చెప్పు. కానీ ఒక్కటి విను ఆంపారో. ఈ గుమ్మానికి ఇంకోసారి ముడి కట్టే ఓపిక నాకు లేదు. నాకంటే ముందు పోయావో, చూస్కో మరి."