గోడకు అటూ ఇటూ ఒకే మెయిల్

మా బావ చనిపోయాడు. పోయిన నెలలో ఒక ఉదయం కాఫీ తాగి గ్లాసు కింద పెడుతూ గుండె పట్టుకున్నాడు. కారులో పడుకోబెట్టి నెల్లూరికి బయలుదేరాం. తల నా భుజం మీద పెట్టుకున్నాడు. మనుబోలు దాటేసరికి ఆ బరువు పెరిగింది. డ్రైవరుకు నేనేమీ చెప్పలేదు. ఆసుపత్రి దాకా పోనిచ్చాను.

చనిపోయాడు అని రాయడం ఇప్పుడు చేతనయింది. మొదటిసారి రాయాల్సి వచ్చినప్పుడు ఒక పగలంతా పట్టింది. ఆ సంగతి చెప్పాలనే ఇది మొదలుపెట్టాను. ముందు ఆయన ఎవరో చెప్పాలి.

ఆయన మా అక్క భర్త. కృష్ణపట్నంలో ఓడల సరుకు ఆఫీసులో గుమాస్తాగా చేశాడు. రిటైరయ్యాక చిట్టమూరు పక్కనున్న మా ఊరికి వచ్చేశాడు. ఇల్లు ఒకటే. మధ్య గోడకు ముందువైపు వాళ్ళు, వెనకవైపు నేను. నా భార్య పోయి చాలా ఏళ్ళయింది. నాది నాలుగో తరగతిలో ఆగిన చదువు. రొయ్యల గుంటలు చేసి బతికాను, ఎవడి ముందూ చేతులు కట్టుకుని నిలబడలేదు. అక్షరం అవసరమైన చోట మాత్రం బావ ఉండేవాడు.

మేత అమ్మేవాళ్ళు, రొయ్యపిల్లలు అమ్మేవాళ్ళు, సరుకు కొనేవాళ్ళు, అందరూ మెయిల్‌కు మారిన రోజుల్లో, నాకు వచ్చినవన్నీ బావ కంప్యూటర్‌లోనే దిగేవి. ఆయన చదివి చెప్పాలి, నేను పోయి వినాలి. గుంట మీది నుంచి అట్లాగే పోయేవాణ్ణి. అక్క గుమ్మంలోనే అడ్డం పడేది.

"కాళ్ళు కడుక్కోని రారా అబ్బయా! ఇది ఇల్లనుకున్నావా, నీ గుంట అనుకున్నావా?"

ఒకరోజు బావ పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి నా గదిలో పెట్టాడు.

"ఏంది బావా ఇది? నాకు రాదు, నాకొద్దు" అన్నాను.

"రాకపోతే నేర్చుకో. గచ్చు తుడిచి తుడిచి మీ అక్క నడుం పడిపోతా ఉండాది."

గోడకు బెజ్జం కొట్టి ఆయన కంప్యూటర్ నుంచి నా దానికి వైరు లాగాడు. ఏం చేస్తున్నాడో నాకు అర్థం కాలేదు. అడిగితే వైరు పట్టుకునే చెప్పాడు.

"మెయిల్ మొత్తం నా దాంట్లో ఉంటది. నీది గోడ ఇవతల నుంచి దాంట్లోకి తొంగి చూస్తది. ఒక బావి, రెండు గిలకలు. నువ్వు తోడినా నేను తోడినా నీళ్ళు అవే."

"మరి అడ్రసులు?"

"అవీ అంతే. నువ్వొక పేరు ఎక్కిస్తే నాకాడ కూడా అదే పేరు ఉంటది. చూసుకోని ఎక్కించు."

నేను చూసుకోలేదు. మా వైపు మనిషికి పెట్టిన పేరు ఒకటి, పిలిచే పేరు ఒకటి. పిలిచే పేరుతోనే మనిషి గుర్తుంటాడు. కాబట్టి నాకు తెలిసిన పేర్లే ఎక్కించాను. ఐసు ఇచ్చే ఆయన పొట్టోడు. మాటలు నమిలే మేత కంపెనీ ఆయన నంగినంగి. సరుకు కొనే గూడూరు షావుకారుకు సోడాబుడ్డి కళ్ళద్దాలు, అందుకని గుడ్లగూబ. మెయిల్ పంపితే మనం ఎక్కించిన పేరు కూడా దానితోపాటే అవతలివాడికి పోతుందని నాకేం తెలుసు?

బావ చూసుకోకుండా గూడూరుకు ఒక మెయిల్ పంపాడు. కాసేపటికి షావుకారు ఫోన్. స్పీకర్ పెట్టి ఉంది, గోడ ఇవతలికి కూడా వినపడింది.

"గుమాస్తాగారూ, మీరు నాకు రాసినదాని పైన ఏం పేరు ఉండాదో చూసినారా?"

బావ చూసినట్టున్నాడు. గోడ అదిరేటట్టు అరిచాడు. "రేయ్ బామ్మర్దీ! ఎవుర్రా ఈ గుడ్లగూబ?"

ఫోన్ ఇంకా పెట్టేయలేదని నాకు తట్టలేదు. "ఇంకెవురు బావా, ఆ గూడూరాయనే. ఆ కళ్ళద్దాలు చూళ్ళేదా నువ్వు?" అన్నాను.

ఫోన్‌లో నవ్వు వినపడింది. "మా ఇంట్లో ఆమె కూడా అదే అంటదిలేండి. సరుకు మాత్రం మంచిది పంపండి. గుడ్లగూబకు చీకట్లో కూడా కనపడతది!"

ఆ దెబ్బతో నా పేర్లన్నీ బావ మార్చేస్తాడనుకున్నాను. ఒక్కటి కూడా మార్చలేదు. "నీకు తెలిసేటట్టు నువ్వు పెట్టుకున్నావు. ఉండనీ. పంపేటప్పుడు నేను సరిచేసుకుంటా" అన్నాడు. చివరిదాకా అట్లాగే చేశాడు. ప్రతి మెయిల్‌కూ పైన పేరు కొట్టేసి, మర్యాదైన పేరు పెట్టి, గారు తగిలించి పంపేవాడు. నేను ఎక్కించింది మాత్రం ముట్టుకునేవాడు కాదు.

పొద్దున్నే ఆయన తన కంప్యూటర్ ఆన్ చేస్తేనే నా దాంట్లో మెయిల్ కనిపించేది. ఆన్ చేసి, "వచ్చిందా?" అని కేకేసేవాడు. "వచ్చింది" అనేవాణ్ణి. మా ఇంట్లో రోజు అట్లా మొదలయ్యేది.

ఒకసారి మేత బూజు పట్టి వచ్చింది. నేను ఇవతల నుంచి చెప్తున్నాను, ఆయన అవతల టైపు కొడుతున్నాడు. "నీ మేత కుక్క కూడా తినదు, నీకు సిగ్గు లేదా అని రాయి బావా" అన్నాను. టకటకా కొట్టాడు. పంపింది నా కంప్యూటర్‌లో కనిపిస్తుంది కదా, కూడబలుక్కుని చదివాను. "అయ్యా, తమరు పంపిన మేతలో తేమ ఎక్కువైనట్టు తోస్తున్నది. దయచేసి పరిశీలించగలరు" అని ఉంది. లేచి బురద కాళ్ళతోనే ముందు గదికి పోయాను.

"నేను చెప్పిందేంది, నువ్వు రాసిందేంది?"

"నువ్వు చెప్పింది నాకు. నేను రాసింది వాడికి."

"సిగ్గు లేదా అనే మాట ఏదయా?"

"దయచేసి అన్నాను చూడు, అందులో ఉండాది."

రెండో రోజుకు కొత్త మేత వచ్చింది. ఆయన రాసినవి ఇట్లా తప్పులు పట్టడానికి చదివి చదివే నాకు చదవడం వచ్చింది. బడిలో రానిది ఆ గోడ ఇవతల కూర్చుంటే వచ్చింది. ఈ మాట ఆయనతో అనలేదు. అని ఉంటే ఎగతాళి చేసేవాడు, సంతోషం కూడా పడేవాడు.

కోపంలో ఉన్నప్పుడు నాకు ఒకటే చెప్పేవాడు. "రాసిన వెంటనే పంపబాకు. లేచి పోయి మంచినీళ్ళు తాగి రా. అప్పటికి కూడా అదే మాట అనాలనిపిస్తే పంపు."

సమాధి చేసి వచ్చిన మర్నాటి నుంచి ఆయన కంప్యూటర్ అక్క ఆన్ చేస్తున్నది. మీట నొక్కడం వరకే ఆమెకు తెలుసు. నొక్కి ఊరుకుంటుంది, కేక ఉండదు. మెయిళ్ళు మాత్రం ఆయన పేరుకే వస్తున్నాయి. సార్, మీ జవాబు కోసం చూస్తున్నాం అని ఒకరు. సార్, ఆరోగ్యం బాగుందా అని ఇంకొకరు.

"అబ్బయా, వీళ్ళకు తెలీదు, ఇంకా ఆయనకే రాస్తా ఉండారు" అంది అక్క. "చెప్పాల గదా. ఆదివారం జ్ఞాపకార్థ కూటం ఉండాది, వచ్చేవాళ్ళు వస్తారు. పాస్టరుగారు రాసిస్తామన్నారు."

"ఆయన రాసేదేంది? నేను రాస్తా."

"నువ్వా? ఒక వత్తు వెతికేలోగా నీకు పొద్దుగూకతది."

"గూకనీ."

కూర్చున్నాను. మా బావ అని కొట్టడానికి పెద్ద కష్టం కాలేదు. తర్వాతి మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది. అక్క వచ్చి వెనక నిలబడింది.

"ప్రభువునందు నిద్రించినారు అని పెట్టు."

"నిద్ర అంటే ఎట్టక్కా? నిద్రపోయినోడు లేస్తాడు."

"లేస్తాడనేగదరా మన నమ్మకం."

ఎవడి మొహాన ఏ మాట అనాలన్నా వెనకాడని వాణ్ణి. ఆ ఒక్క మాట కొట్టలేక లేచి గుంటల మీదికి పోయాను, తిరిగి వచ్చాను, మళ్ళీ పోయాను. మంచినీళ్ళు కూడా తాగి వచ్చాను. ఏ మాట పెట్టినా అది పంపిన తర్వాత ఆయన లేడు. పంపేదాకా, ఎక్కడో ఎవరికో ఆయన ఇంకా జవాబు బాకీ ఉన్న మనిషే. నాకు అదే పట్టుకుంది.

ఎండ వాలే వేళకు ఇది తయారయింది: "మా బావ చనిపోయాడు. మా అక్క ప్రభువునందు నిద్రించాడు అంటున్నది. ఆదివారం చర్చిలో కూటం. మీరు రాసినవి అందాయి. ఆయన జవాబు రాయడు."

అక్క చదివి కళ్ళు తుడుచుకుంది. "రెండూ పెట్టినావే" అంది. ముందు గదికి వెళ్ళిపోయింది.

అడ్రసుల్లో ఒక్కొక్కరినీ వెతికే ఓపిక లేదు. అందరినీ ఒకేసారి పట్టే మీట ఉంది, అది నొక్కి పంపాను. పేర్లు సరిచేసే మనిషి లేడు, ఉన్నవి ఉన్నట్టే పోయాయి.

వెంటనే ముందు గదిలో ఆయన కంప్యూటర్ టింగుమంది.

"ఏదో వచ్చింది చూడరా" అంది అక్క.

చూశాను. వచ్చింది నేను పంపిందే. అడ్రసుల్లో నేను అందరికంటే ముందు ఎక్కించిన పేరు బావ. అందరితోపాటు ఆయనకూ పోయింది.

చదవని మెయిల్ లావు అక్షరాలతో నల్లగా కనిపిస్తుంది. తెరిస్తే అక్షరాలు సన్నబడతాయి. అవతల ఆయన తెరిచినా ఇవతల నా కంప్యూటర్‌లో సన్నబడేవి. నేను ముట్టుకోకుండానే ఒక్కొక్క వరుసా సన్నబడుతుంటే, గోడ అవతల బావ చదువుతున్నాడని తెలిసేది.

"తెరిచి చూడవా?" అని అడిగింది అక్క.

"వద్దక్కా. అది ఆయనకు వచ్చింది."

కొత్తవి పైన చేరి దాన్ని కిందికి నెడుతున్నాయి. రోజూ పొద్దున్నే కిందిదాకా వెళ్ళి చూస్తున్నాను. ఇంకా లావుగానే, నల్లగానే ఉంది.