ఒకే పళ్లెంలో ఇద్దరు పిల్లలు

ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఊరి నూలు మిల్లు నడిచే రోజుల్లో ఎత్తుకున్నాను. మిల్లు మూసేసి ఎన్నో ఏళ్లయింది, ఇది మాత్రం దిగలేదు. తెలుగులో రాస్తున్నానంటే కారణం ఉంది. మేముండేది తమిళ ఊర్లో. మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, చదవడం నాకు తప్ప ఎవరికీ రాదు. తమిళంలో రాస్తే నా కూతురు వసంత చదివేస్తుంది. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

పోయిన వారం వసంత తన మనవరాలికని ఊళ్లోని ఆర్.ఎస్. పురం అంగడిలో బొమ్మల పుస్తకం కొనింది. చిన్నపిల్లలు స్నేహం ఎట్లా చేసుకోవాలో చెప్పే పుస్తకం. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని చూపిస్తూ, తనకూ చిన్నప్పుడు ఒక టీచర్ ఇట్లాంటిదే చూపించేదని, తామంటే ఇష్టం లేక ఆమె పోయిందని అనింది. నవ్వుతూనే అనింది. నేను పక్కనే చిక్కుడుకాయలు తుంచుతున్నాను. తల ఎత్తలేదు.

ఆ టీచర్ పేరు ఎస్తర్. నేనూ ఆమే మిల్లు బాలవాడిలో పని చేసేవాళ్లం. మిల్లు సంగు, అదే సైరన్, ఊదగానే తల్లులు పిల్లలను మా దగ్గర వదిలి షిఫ్టుకు పోయేవాళ్లు. తెలుగు పిల్లలు ఒక మూల, మలయాళం పిల్లలు ఒక మూల కూర్చునేవాళ్లు. కలవనీ కలవకపోనీ, గొడవ లేకుంటే చాలు నాకు. బెత్తం చూపిస్తే గొడవ ఉండదు.

ఎస్తర్ పోదనూరు నుంచి వచ్చేది. వాళ్ల నాయన రైలు స్టేషన్లో ఊడ్చే పని చేసేవాడు. వాళ్లింట్లోనూ తెలుగే. వచ్చిన కొత్తలోనే నూలు పెట్టెల అట్టలు కత్తిరించి, రంగులు పూసి, దారంతో కుట్టి ఒక పుస్తకం చేసింది. మొదటి బొమ్మలో ఒక పాప తలుపు పక్కన ఒంటిగా నిలబడి ఉంటుంది. తర్వాత ఇంకో పాప వచ్చి పేరు అడుగుతుంది. ఆడుకుంటారు, జుట్టు పట్టుకుని కొట్లాడతారు, మళ్లీ ఒకరి ముక్కు ఒకరు తుడుచుకుంటారు. చివరి బొమ్మలో ఇద్దరూ ఒకే పళ్లెంలో అన్నం తింటారు. ఒక్కో బొమ్మ దగ్గర ఆగి, ఇప్పుడేమి చేస్తే బాగుంటుందని ఎస్తర్ పిల్లలనే అడిగేది. మూలలు ఖాళీ అయినాయి. అందరూ ఆమె చుట్టే.

వసంత అప్పుడు ఆ బాలవాడిలోనే ఉండింది. నా చీర కొంగు వదలని పిల్ల. ఒకరోజు తానే లేచి లీల అనే మలయాళం పాప దగ్గరికి పోయి, "నీ పేరేమి?" అనింది. తల్లిని కదా, నాకు సంతోషం కలగాలి కదా? కలగలేదు. ఇన్నాళ్లు నేను చేయలేనిది నిన్న వచ్చిన ఈ పిల్ల అట్టముక్కలతో చేసింది, అది కూడా నా కళ్ల ముందు, నా బిడ్డ మీద. ఇంటికొస్తే ఎస్తర్ టీచర్ మాటే. ఎస్తర్ టీచర్ జడ ఇట్లా వేయదు. ఎస్తర్ టీచర్ అరవదు. జ్వరం వచ్చిన రోజు నా చేతి గంజి తోసేసి, ఎస్తర్ టీచర్ కావాలని ఏడ్చింది.

మరునాడే కొళాయి దగ్గర, మా వీధి ఆడవాళ్ల మధ్య, బిందె పట్టుకుంటూ అనేసినాను. ఆ పుస్తకం చివరి బొమ్మ చూసినారా, ఆమె నాయన ఏ పని చేస్తాడో తెలుసు కదా, మన పిల్లలకు ఎంగిలి కూడు నేర్పుతా ఉంది అని. అంతే అన్నాను. ఆ పట్టింపు నాకుండిందా? లేదు. రోజూ ఆమె తెచ్చిన కాఫీ ఆమెతో పంచుకుని తాగినదాన్ని. ఏ మాట అంటే అంటుకుంటుందో తెలిసి, ఆ మాటే ఏరుకున్నాను. నమ్మి అన్నవాళ్లకైనా ఒక సాకుంటుంది, నాకు అదీ లేదు.

మగవాళ్లు పోయి మిల్లు ఆఫీసులో గొడవ పెట్టినారు. ఎస్తర్‌ను ఇంక రావొద్దన్నారు.

పోయే ముందు నా దగ్గరికి వచ్చింది. నేను పలకలు సర్దుతున్నట్టు నటిస్తున్నాను.

"అక్కా, చెప్పింది మీరేనని నాకు తెలుసు."

నేను ఇంకో పలక తీసి తుడిచినాను.

"వసంతకు చెప్పొద్దండి. అమ్మే చేసిందని తెలిస్తే ఎట్లా తట్టుకుంటుంది? టీచరుకు వేరే ఊర్లో పని దొరికింది, నిన్ను అడిగినానని చెప్పమనింది అనండి. చాలు."

"సరి," అన్నాను.

ఇంతవరకైతే ఒకవేళ మరిచిపోయేదాన్నేమో. తర్వాత చేసిందే అసలుది. ఆ సాయంకాలం వసంత టీచర్ ఎక్కడని అడిగింది. ఎస్తర్ నా నోటికి అందించిన మాట సిద్ధంగానే ఉండింది. అదంటే వసంత ఆమెను జీవితమంతా తలుచుకుంటుంది. పోయినాక కూడా ఆమే గెలుస్తుంది. "మీరంటే ఆమెకు ఇష్టం లేదు, అందుకే పోయింది," అన్నాను.

వసంత ఏడవలేదు. "లీలకు కూడా నేనంటే ఇష్టం లేదేమో," అనింది.

మళ్లీ నా కొంగు పట్టుకుంది. నేను కోరుకున్నది అదే కదా? దొరికింది. బడిలో, కాలేజీలో, ఉద్యోగంలో ఒక్క స్నేహితురాలిని ఇంటికి తీసుకురాలేదు. ఎవరైనా దగ్గరికొస్తే, వీళ్లు ఎప్పుడు పోతారో అని ముందే తలుపు వేసుకునే మనిషి అయింది. అందరూ దాని స్వభావం అంటారు. నేనూ అవునంటాను.

ఎస్తర్ మదురైలో ఏదో ఆస్పత్రిలో ఆయాగా చేరిందని ఒకసారి విన్నాను. బస్సెక్కితే పోయే దూరమే. పోలేదు. క్షమిస్తుందని భయం. అప్పుడు కూడా ఆమే పెద్దది అవుతుంది. చూడండి, ఈ వయసులో కూడా నా బుద్ధి ఇంతే.

వసంతకు చెబుతానా? తెలీదు. చెప్పే ధైర్యం ఉంటే మీకు రాసే పనే లేదు. కానీ ఆ సాయంకాలం చెప్పాల్సిన మాట ఒక్కసారైనా నా చేత్తో రాసి చూడాలనిపించింది.

వసంతా, టీచరుకు వేరే ఊర్లో పని దొరికింది. నిన్ను అడిగినానని చెప్పమనింది.

రాసినాను.