అంచు తిప్పి చూసే బావ

మా బావ సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. ఎక్కడ బట్ట కనబడినా అంచు తిప్పి, వేళ్లతో నలిపి, "సాంచెది" అనో "చేతిమగ్గంది" అనో తేల్చేసేవాడు. కోరుట్లలో ఒక పెళ్లికి వెళ్తే, తలంబ్రాల మధ్యలోనే పెళ్లికొడుకు కండువా అంచు తిప్పాడు.

ఒకసారి టూరు గుంపుతో పెరూ వెళ్లాడు. రాజధాని లిమాలో తోటివాళ్లు కడుపులు పాడై హోటల్లో పడుకుంటే, రోజంతా ఒక్కడే ఊరు చూశాడట. చూసిన చర్చీల పేర్లు డైరీలో రాసుకుందామని నేను పెన్ను తీస్తే, బజారులో శాలువాలమ్మే ముసలామె సంగతే చెప్పాడు.

"బోర్డు మీద చేతిమగ్గం బొమ్మ పెట్టింది. అంచు తిప్పిన. పక్కా సాంచెది, బామ్మర్దీ! గప్పుడే ఎవరో ఢిల్లీ జంట అచ్చి, 'చేతిదేనా అంకుల్?' అని హిందీల అడిగిండ్రు. ముసలామె దుకాణంల ఒక్క శాలువ మడత ఇప్పలే, పొద్దటి సంది బోణీ గాలే. ఆమె నా వేళ్ల దిక్కే సూస్తున్నది. అంచు పట్టిన తీరుతోనే ఆమెకు సమజైంది, వీడు సాంచెలోడని."

"మరేమన్నవ్?"

"చేతిదే అన్న. రెండు కొన్నరు. వాళ్లు మర్లంగనే ఆమె నాకు కన్ను కొట్టింది."

నాకు నవ్వు ఆగలేదు. "అబద్ధమాడితివి గదా బావా?"

ఆయన ఏమాత్రం తడుముకోలేదు.

"గదెట్ల అబద్ధమైతది? సాంచె బటన్ ఒత్తేది చెయ్యే గదా, కాలా?"